ఆరు నవలలు, ఒక్క గొంతు

ఏప్రిల్ 6

బహుమతి పోటీలో నిలిచిన నవలల పేర్లు వచ్చేశాయి. ఎప్పట్లాగే ఆరు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలకిచ్చే ఈ బహుమతికి పేరు నమోదు చేసుకున్న పాఠకులెవరైనా ఓటు వేయొచ్చు. జూన్ ఆఖరు దాకా గడువు. మా ఇంట్లో రెండు ఓట్లు, మా ఆవిడదొకటి, నాదొకటి. పెళ్ళయిన మరుసటేడు పట్టుకున్న పిచ్చి ఇది. ఇంకా వదల్లేదు.

ఆవిడ ఆరూ చదివేస్తుంది. నేను రెండు, మహా అయితే మూడు. లైబ్రరీ క్లబ్బులో అందరూ ఆవిడని ఎక్స్‌ప్రెస్ అనీ, నన్ను ప్యాసింజర్ అనీ పిలవడం ఊరికే మొదలవలేదు. నాకు ఏ రెండు ఇవ్వాలో ఆవిడే తేలుస్తుంది. అది తేలేలోపు చిన్న యుద్ధం జరుగుతుంది. నిజం చెప్పాలంటే చదవడం కన్నా ఆ యుద్ధమే నాకిష్టం.

ఈ రోజు పేర్లు పైకి చదివి వినిపించాను. 'మరమనిషి వీలునామా' అనగానే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. బట్టలు మడతపెడుతూ వింది.

"ఈసారి మీరే ఎంచండి" అంది.

"నేనా?"

"ఏం, ఎంచకూడదా? ఇన్నేళ్ళ సావాసం, ఆ మాత్రం రాదా?"

బట్టల మూట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. 

ఏప్రిల్ 9

లైబ్రరీ మేడమ్ ఆరూ తెప్పించింది. రెండు సంచుల్లో మోసుకొచ్చి టేబుల్ మీద పేర్చాను. మా ఆవిడ వచ్చి ఒక్కో అట్ట మీదా అరచెయ్యి ఆనించింది, జ్వరం ఉందేమో చూసినట్టు. ఒక్కటీ తెరవలేదు.

"దేనితో మొదలు?"

"ఈ నీలం రంగుదానితో."

నీలం రంగుది 'ఉప్పు గడియారం'. సముద్రాలు ఎండిపోయిన గ్రహం మీద అన్నదమ్ముల కథట.

లోపలికి వెళ్తూ కుడి భుజం తలుపు చట్రానికి కొట్టుకుంది. మొన్న కూడా అంతే. "ఇల్లు ఇరుకైపోతోందండీ" అంది. ఉన్నది ఇద్దరం. ఇరుకేమిటో.

ఏప్రిల్ 14

సాయంత్రం ఏం తేవాలో మెసేజ్ పెట్టాను. జవాబు రాయకుండా ఫోన్ చేసింది. ఈ మధ్య అన్నీ ఫోన్లే. వేళ్ళు నొప్పులట.

ఏప్రిల్ 19

"నీలంది అయిపోయిందా?" అని అడిగాను.

"ఆ. బాగుంది. మధ్యలో కాస్త నీరసం."

అంతే! పోయినేడు ఒకే ఒక్క అధ్యాయం మీద అన్నం చల్లారిపోయేదాకా నాకు క్లాసు పీకిన మనిషి ఈవిడ. ఒక కామా తప్పుచోట పడితే ప్రచురణకర్తని శాపనార్థాలు పెట్టే మనిషి. కాస్త నీరసమట.

నాకు అర్థమైంది. పోయినేడు ఆవిడ మెచ్చిన నవలకి నేను ఓటు వేయలేదు. అది నివురుగప్పి ఇన్నాళ్ళూ ఉండి ఇప్పుడు రాజుకుంది. అదే అయ్యుంటుంది. రెండు రోజులు పోతే అదే చల్లబడుతుంది.

ఏప్రిల్ 20

అదే. కోపమే.

ఏప్రిల్ 22

ఆవిడకి తెలియకుండా 'ఉప్పు గడియారం' నేను మొదలుపెట్టాను, మాట్లాడటానికి ఏదో ఒకటి దొరుకుతుందని. పని మధ్యలో చదివాను. ఏడంతస్తుల మేడలో లిఫ్టు మోటారు మారుస్తున్నాం. కొత్తది వచ్చేదాకా పైన యంత్రాల గదిలో కూర్చోవడమే పని.

నూరో పేజీ దగ్గర అన్నదమ్ములు కొట్టుకుంటారు. నాలుగు కాగితాలు తిప్పాక మళ్ళీ అదే కొట్లాట. మళ్ళీ అవే మాటలు. నాకే మతి పోయిందేమోనని వెనక్కి తిప్పి చూశాను. పుస్తకం కుట్టడంలో పొరపాటు. కొన్ని పేజీల మడత ఒకటి రెండుసార్లు పడింది, తర్వాత పడాల్సిన మడత అసలు లేదు. తమ్ముడు ఎలా పోయాడో లేనే లేదు. ఉన్నట్టుండి అన్న ఒక్కడే ఏడుస్తూ కనిపిస్తాడు.

ఇది చదివి ఎవరైనా "మధ్యలో కాస్త నీరసం" అంటారా?

చదవలేదన్నమాట. చదవకుండా చదివానంది. మా ఆవిడ నాతో అబద్ధాలు ఆడలేదని కాదు, చీర ధర దగ్గర్నుంచీ చాలా ఆడింది. పుస్తకం విషయంలో మాత్రం ఎన్నడూ ఆడలేదు. స్పానరు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. మోటారు వచ్చిందని కింద నుంచి అరుస్తున్నా వినపడలేదు.

ఏప్రిల్ 23

తేల్చుకుందామని మధ్యాహ్నం ఆవిడ పనిచేసే మందుల షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఆవిడ లేదు. ఓనరే నిలబడి మందులిస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"మేడమ్ గారికి ఎలా ఉందండీ? కళ్ళు నెమ్మదించాయా?"

"కళ్ళా?"

"అదేంటండీ, నెల కావస్తోంది కదా సెలవు పెట్టి. చీటీ చేతిలో పట్టుకుని అట్టే నిలబడిపోయారు పాపం. కళ్ళు బాగాలేవు, నేను మందులివ్వను, ఎవరికైనా తప్పు ఇచ్చేస్తానేమో అని బయటికి వచ్చేశారు. మీరు చూపించే ఉంటారనుకున్నా."

 

నెల! రోజూ పొద్దున్నే టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, తలుపు దగ్గర చెప్పులేసుకుని, "వస్తానండీ" అని వెళ్తున్న మనిషి ఎక్కడికి వెళ్తోంది?

సాయంత్రం వచ్చింది. "అబ్బ, షాపులో ఒకటే రద్దీ" అంటూ కుర్చీలో కూలబడింది.

"అవునా" అన్నాను.  

ఏప్రిల్ 24

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

పొద్దున సెలవు చెప్పి ఆవిడ వెనకే వెళ్ళాను. కట్టుకున్న పెళ్ళాం వెనక దొంగలా నక్కి నక్కి నడిచాను. మనసులో ఏమేం అనుకున్నానో ఇక్కడ కూడా రాయను.

బస్టాపులో బస్సు వచ్చి ఆగింది. రోజూ ఎక్కే బస్సే. ముందు అద్దం పైన అంతంత అక్షరాలతో ఊరి పేరు ఉంది. ఆవిడ పక్కనున్న ముసలాయన్ని అడిగింది, "ఇది ఎటు పోతుందండీ?" అని.

ఇన్నేళ్ళుగా ఎక్కే బస్సు! కళ్ళజోడు మారిస్తే సరిపోతుంది, అంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను. గట్టిగా చెప్పుకున్నాను.

లైబ్రరీ దగ్గర ఆవిడ దిగింది, వెనక తలుపులోంచి ఎక్కిన నేనూ దిగాను. ప్రాణం లేచొచ్చింది. పిచ్చిది, లైబ్రరీకా వచ్చేది? దీనికి దాపరికమెందుకు? నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాను. నవలల వరసల్లో లేదు. పత్రికల బల్ల దగ్గర లేదు. లైబ్రరీ మేడమ్ నన్ను చూసి తల దించుకుని, పిల్లల గది వైపు చూపించింది.

బడి వేళ కాబట్టి గది ఖాళీగా ఉంది. మోకాలెత్తు కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని ఉంది మా ఆవిడ. ముందు బొమ్మల పుస్తకం. ఎడమ చేత్తో బొమ్మ మూసేసింది. కుడి చేతి చూపుడు వేలితో కింద ఉన్న అక్షరం మీద దిద్దుతోంది. పలక మీద దిద్దినట్టు. "మ" అంది. ఆగింది. మళ్ళీ దిద్దింది. "మ... మేక." చెయ్యి తీసి బొమ్మ చూసుకుంది. మేకే.

అప్పుడు వచ్చిన నవ్వు ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. 

తలెత్తి చూసింది. అరిచి గోల చేస్తుందనుకున్నాను, వెనకే వచ్చినందుకు. పక్కన ఉన్న ఇంకో బుల్లి కుర్చీ జరిపింది. కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆ రోజు పొద్దున లేచేసరికి తల ఒకటే నొప్పి. షాపుకెళ్ళా. చీటీ చూశా. ఏ దేశం భాషో అనుకున్నానండీ. డాక్టర్ల రాత కదా అని డబ్బా మీద చూశా. అదీ అంతే."

"కనపడటం లేదా?"

"ఎందుకు కనపడవు? నల్లగా, గుండ్రంగా, తలకట్లూ కొమ్ములూ అన్నీ కనపడుతున్నాయి. ఒక్కటీ మాట్లాడటం లేదు."

సంచిలోంచి కాగితం, పెన్ను తీసింది. గబగబా ఏదో రాసి నా చేతిలో పెట్టింది. ఎప్పటి ముత్యాల్లాంటి దస్తూరీయే. 'నాకు చదవడం పోయింది' అని ఉంది.

"రాశావు కదా!"

"రాస్తా. చెయ్యి రాస్తుంది. రాసింది చదవడం మాత్రం నాకే రాదు. ఏదండీ, సరిగ్గానే రాశానా?"

సరిగ్గానే రాసింది. ఒక్క తప్పు లేదు.

"నాకు చెప్పొచ్చు కదే."

"ఎక్స్‌ప్రెస్ అంటారు కదా నన్ను" అంది. 

ఏప్రిల్ 25

ఆస్పత్రి. తల లోపల ఫోటోలు తీశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ మాట కత్తి. "నెలా? తలలో ఏదో అయిందని తెలిసి నెల ఆగారా? మీరు మందుల షాపులో పనిచేసే మనిషేనా?" అని గట్టిగా చీవాట్లు పెట్టింది. మా ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా వింది.

మెదడు వెనక భాగంలో ఒక సన్నటి రక్తనాళం పూడిందట. చూపు ఉంది. భాష ఉంది. ఆ రెండింటినీ కలిపే వంతెన కూలింది. కుడివైపు చూపు కూడా కొంత పోయింది. అందుకే తలుపు చట్రం. ఇల్లు ఇరుకని ఆవిడ అంటే నేను ఆరా తీయలేదు.

డాక్టరమ్మ ఒక వాక్యం చెప్పి రాయమంది. 'ఈ రోజు ఎండ బాగా ఉంది.' రాసింది. వేరే సంగతులు మాట్లాడి, కాసేపాగి అదే కాగితం ముందు పెట్టింది.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేగా ఇందాక."

"ఏముంది అందులో?"

"ఎండ గురించి. గుర్తుండి చెప్తున్నానమ్మా, చదివి కాదు."

తన రాత కేసి అలా చూస్తూ ఉండిపోయింది. ఊరు పేరు తెలియని మనిషిని చూసినట్టు. 

"మళ్ళీ చదవగలదా?" అని అడిగాను.

"అక్షరం అక్షరం కూడబలుక్కుని కొంత రావచ్చు. వేలితో దిద్దుతున్నారు చూడండి, ఎవరూ చెప్పకుండానే మంచి దారి పట్టారు. మునుపటి వేగం మాత్రం ఆశ పెట్టుకోకండి. ముందు ఈ మందులు మానకుండా వేయించండి. ఇంకోసారి ఇలా రాకూడదు."

ఏప్రిల్ 26

మందులు తెచ్చాను. ఏది పొద్దునో, ఏది రాత్రో డబ్బాల మీద చూసి చదివి చెప్పాను. మందుల డబ్బా. ఆవిడకి. నేను.

మే 3

షాపుకి రాజీనామా రాసింది. తన చేత్తోనే, మొదట్నుంచి సంతకం దాకా. తప్పులుంటే చూడమని నాకిచ్చింది. తప్పుల్లేవు. ఓనరు ఇంటికొచ్చి, ఎప్పుడు బాగుంటే అప్పుడు రమ్మని చెప్పి, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడకూడదనుకున్నాడు.

టేబుల్ మీద ఆ ఆరూ అలాగే ఉన్నాయి. నేను పైకి చదువుతానన్నాను. నా వేగానికి జూన్ ఆఖరులోపు ఒకటి అవుతుంది. ఒకటిన్నర కూడా కాదు.

"అయితే అన్నిటికన్నా సన్నది తీసుకుందాం" అన్నాను. ఆరింటిలో తేనెటీగల సైన్యాధిపతి కథ ఉన్న నవల నూటయాభై పేజీలు కూడా లేదు.

గిన్నె ఠపీమని పెట్టింది. "ఎందుకూ?"

"తేలిగ్గా ఉంటుందని."

"జబ్బు మనిషికి జావ పోసినట్టా? నా కళ్ళకి అక్షరాలు రాకపోతే బుర్రకి కథ కూడా రాదనుకున్నారా?"

"అది కాదే..."

"అదే! మీ మొహం చూస్తే తెలీదా? ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. చెవిటిదాన్నా నేను?"

నిజమే. మెల్లగా మాట్లాడుతున్నాను. నాకే తెలియలేదు.

మే 5

ఆరు నవలల మొదటి పేజీలూ చదవమంది. విన్నాక తేలుస్తానంది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, తీర్పు చెప్పే జడ్జీలా.

'ఉప్పు గడియారం'లో మడత పోయిన సంగతి ముందే చెప్పాను: "తమ్ముడు లేని పుస్తకం మనకొద్దు. లైబ్రరీకి తిరిగిచ్చేయండి."

'గాలి అద్దెకిచ్చే ఊరు' చంద్రుడి మీద కథ. అక్కడ పీల్చే గాలికి కూడా ఇంటివాడు అద్దె వసూలు చేస్తాడు. రెండు పేజీలు విని, "బాగుంది, కానీ ఎటు పోతుందో ఇప్పుడే తెలిసిపోయింది" అంది.

'మరమనిషి వీలునామా'కి నవ్వింది. నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఇదే అనుకుని పేజీ తిప్పబోయాను. "ఆగండి. ఇది మీరు చదివితే నాశనమైపోతుంది. జోకు ముందు మీరే నవ్వేస్తున్నారు."

'రెండో రాణి నీడ'లో మొదటి పేజీలోనే పదకొండు మంది పేర్లొచ్చాయి. నాకు నాలుక తిరగలేదు. అది రద్దు. తేనెటీగలు నేను సిఫారసు చేశాను కాబట్టి రద్దు.

చివరిది 'ఏరు దాటించే మనిషి'. ఇటుక రాయంత. ఎడారిలో ఉన్నట్టుండి ఏరు పుడుతుంది, పడవ మీద దాటించేది ఒక్క ఆడమనిషి, ఎవర్ని ఏ కాలానికి దాటిస్తుందో ఆవిడకే తెలుసు. మొదటి పేజీ అయ్యాక తలెత్తి చూశాను.

"ఆపారేం?" అంది.

అయిపోయాన్రా నాయనా అనుకున్నాను. ఎనిమిది వందల పేజీలు.

మే 19

గొంతు పోయింది. వేడినీళ్ళు తాగి చదువుతున్నాను. ఈవిడ ఊరుకుంటుందా? "వాక్యం చివర బావిలో పడ్డట్టు పడిపోతున్నారు." "ఆ ముసలిదానికీ పడవమనిషికీ ఒకటే గొంతా?" ఈ రోజు పడవమనిషి మాటలకి గొంతు పెంచాను. కింద వాటా వాళ్ళు పైకొచ్చి, ఏమైనా గొడవా అని అడిగారు.

నాకొకటి విచిత్రంగా ఉంది. ఇన్నేళ్ళూ చదివింది నేనేనా? కళ్ళతో పరిగెత్తి ఎన్ని వదిలేశానో. పైకి చదువుతుంటే ప్రతి మాటా తగులుతోంది.

మే 30

పొద్దునపూట ఆవిడ ఒక్కత్తే వేలితో దిద్దుకుంటుంది. నేనుంటే చెయ్యదు. చూడనట్టు ఉంటాను.

జూన్ 12

"చెయ్యి పనిచేయకపోతే ఏం, నేను పట్టుకుంటా, లిఫ్టు మనిషీ" అంది. పనిలో బోల్టు బిగిస్తూ నా బొటనవేలు నలిగింది. పుస్తకం పట్టుకోలేకపోతే తనే పట్టుకుని నా ముందు తెరిచి కూర్చుంది. తలకిందులుగా పట్టుకుంది. నేను బాగున్న చేత్తో తిప్పి పెట్టాను. ఆ తర్వాత తనే పకపకా నవ్వింది. నాకు నవ్వడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 28

గడువు ముంచుకొచ్చింది. పుస్తకంలో ఇంకా మూడో వంతు మిగిలింది.

"నీ ఓటు నువ్వు చెప్పు, నేను నొక్కుతాను" అన్నాను.

"ఆరూ చదవకుండా వేస్తే అది ఓటు కాదండీ, పందెం."

"అయితే నాదీ వద్దు."

"మీరెందుకు? మీరు ఎప్పుడూ రెండు చదివే వేశారు కదా!"

ఇన్నేళ్ళూ నా ఓటుని ఏమనుకుందో ఇప్పుడు తెలిసింది. ఇద్దరం వేయలేదు.

జూలై 4

నిన్న చదువుతుంటే పడవమనిషి దారి మర్చిపోయే చోటు వచ్చింది. ఏరు కనపడుతూనే ఉంటుంది, అలలు కనపడుతూనే ఉంటాయి, ఎటు దాటించాలో మాత్రం తెలియదు. ఆ అయిదు లైన్లూ చూశాను. నోరు రాలేదు. దాటేసి కింది పేరా అందుకున్నాను. పేజీ తిప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. తెలియలేదనుకున్నాను.

ఈ రోజు పని నుంచి వచ్చేసరికి టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పుస్తకం తెరిచి ఉంది. చూపుడు వేలి చివర నల్లగా మాసిపోయి ఉంది.

"నిన్న ఇక్కడ అయిదు లైన్లు మింగేశారు" అంది.

నా చేతిలో సంచి జారి కింద పడింది. ఉల్లిపాయలు హాలంతా దొర్లాయి.

"నీకెలా..."

"మీ గొంతు మారింది. ఎక్కడో ఏదో చేశారని తెలుసు, ఏం చేశారో తెలీలా. పొద్దున్నుంచీ దీని మీదే కూర్చున్నా. అన్నం కూడా వండలేదు." వేలు ఆ పేరా మీద పెట్టి చూపించింది. సరిగ్గా అక్కడే. "ఏరు కనపడుతోంది. దారి కనపడటం లేదు. అంతేనా?"

"అంతే."

"ఎందుకు మింగారు?"

"నీకు బాధ కలుగుతుందని."

"బాధపడటానికి కాకపోతే ఎందుకండీ చదివేది?" అంది. కోపంగానే అంది. ఆ కోపం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు ఏరుకునే వంకతో వంగాను.

"అవి తర్వాత. ముందు చదవండి."

కూర్చున్నాను. ఆ అయిదు లైన్లూ చదివాను. గొంతు వణికింది.

"వణికించకుండా" అంది.

మళ్ళీ మొదట్నుంచి చదివాను.